కంటిలో తెల్లని మెరుపు



నేను కోనసీమలో పుట్టి పెరిగి, కంటివైద్యము నేర్చి, ఆ వైద్యములోను ఒక మూలకు ఒదిగినవాడను. కంటి వెనుకటి పొరకు వచ్చు జబ్బులును, కంటిలో పుట్టు రాచపుండును చూచుటయే నా పని. సెలవులకు ఊరు వచ్చినపుడెల్ల అరుగుమీద పెద్దలు నన్ను అడుగు ప్రశ్న ఒక్కటే: "శుక్లాలు తీస్తావా, బాబూ?" "తీయనండి" అన్నచో, "మరి కంటిడాక్టరువెట్లా అయ్యావు?" అని నవ్వుదురు. అరుగుమీద పూర్తిగా చెప్పలేకపోయిన ఆ సమాధానమును ఈ పూట ఆకాశవాణిద్వారా చెప్పుటకు వచ్చితిని. నేను చెప్పబోవు విషయమున వైద్యుని నేర్పుకంటె ఇంటి పెద్ద మాటకు ఎక్కువ పని యున్నది. అందుచేతనే ఈ ప్రసంగమును ప్రత్యేకముగా పెద్దలను ఉద్దేశించి చేయుచున్నాను.

ముందుగా కన్ను ఎట్లుండునో చెప్పెదను. కన్నును ఒక చీకటి గదిగా ఊహింపుడు. ముందు గోడకు ఒక చిన్న కిటికీ యున్నది, అది కనుపాప. కిటికీకి వెనుక ఒక అద్దము బిగించియున్నది. వెలుగు ఆ అద్దముగుండ దూరి, గది వెనుక గోడమీద పడును. ఆ గోడకు లోపలివైపున, తడిసిన పలుచని కాగితమువంటి పొర యొకటి పరచియున్నది. సినిమా తెరమీద బొమ్మ పడినట్లు లోకమంతయు ఆ పొరమీద పడును. అక్కడినుండి నరముద్వారా మెదడునకు వార్త పోవును. ఆ పొరను రెటీనా అందురు. మన భాషలో నేత్రపటలము అని వ్యవహారము. నేను తెర అనియే చెప్పెదను.

మీరెఱిగిన శుక్లము ముందున్న అద్దమునకు పట్టిన మసక. ఆ అద్దమును తీసివేసి మఱియొకటి పెట్టవచ్చును. ఈ దినములలో అది కొద్ది నిమిషముల పని. వెనుకనున్న తెర సంగతి అట్లు కాదు. అది చినిగినను, చెడినను, దాని స్థానమున పెట్టుటకు వేఱొక తెర నేటివఱకు ఏ వైద్యునియొద్దను లేదు. ఉన్నదానిని కాపాడుకొనుటయే మాకు చేతనైన పని.

ఇక్కడ మన ఊళ్ళలో ఒక పాత మాట అడ్డు వచ్చుచున్నది. "శుక్లం ముదరనీయండి, అప్పుడు తీయించుకుందురుగాని" అని పూర్వము వైద్యులే చెప్పెడివారు. ఆనాటి పనిముట్లకు ముదిరిన శుక్లమును తీయుట సుకరముగా నుండెను గనుక ఆ మాట ఆనాటికి సరియైనదే. అది తాతలనుండి మనుమలకు దిగి, కంటి జబ్బు ఏదైనను తొందరపడనక్కరలేదను నమ్మకముగా స్థిరపడినది. ఈనాడు శుక్లమునకే ఆ నియమము లేదు. తెరకు అది ఎన్నడును లేదు.

తెరకు వచ్చు జబ్బులలో రెండింటిని పెద్దలు తమ కొఱకే జ్ఞాపకముంచుకొనవలెను. మొదటిది, తెర చినిగి గోడనుండి ఊడివచ్చుట. ఉన్నట్టుండి కంటిలో మెరుపులు తోచుట, నల్లని నలుసులు గుంపుగా తేలుట, ఒక ప్రక్కనుండి నల్లని తెర దిగినట్లగుట దీని గుర్తులు. నూఱేండ్లక్రిందటివఱకు ఇది దాదాపు అసాధ్యరోగము. స్విట్జర్లండులోని లోజాన్ నగరమున జూల్ గోనాన్ అను వైద్యుడు 1920 తరువాతి దశాబ్దమున, చినిగిన చోటును వెదకి కాల్చి మూసినచో తెర మరల అంటుకొనునని నిరూపించెను. ఆనాటినుండి చూపు దక్కుచున్నది. కాని వారములు గడచినకొలది దక్కు చూపు తగ్గిపోవును. రెండవది మధుమేహము. చక్కెర జబ్బు తెరలోని సన్నని రక్తనాళములను నొప్పి లేకుండ, చూపు తగ్గకుండ, కొంతకాలము లోలోపల చెరచును. చూపు తగ్గినదని మనిషికి తెలియునాటికి చాల భాగము చెడియుండును. కావున మధుమేహము గలవారు చూపు బాగున్నప్పుడే ఏటికొకసారి కనుపాపను మందుతో పెద్దదిగా చేయించుకొని తెరను చూపించుకొనవలెను.

ఇవి చూపును తీయు జబ్బులు. ప్రాణమును తీయు జబ్బు ఒకటి అదే తెరమీద పుట్టును. అది ముసలివారికి గాదు, పాలు త్రాగు పసివారికి వచ్చును. దానిని గూర్చి చెప్పుటకు ముందు నా వలన జరిగిన ఒక పొరపాటును మీ ఎదుట ఒప్పుకొనవలసియున్నది.

ఇరువదియేండ్లకు పైబడినది. నేనప్పుడొక పట్టణపు ఆసుపత్రిలో పని చేయుచుంటిని. రాజోలు ప్రాంతపు ఒక లంక గ్రామమునుండి ఏడాదిన్నర పిల్లవానిని తీసికొనివచ్చిరి. తల్లి ఇరువది యేండ్లది. వెంట పిల్లవాని తాతగారు. నాలుగు నెలల క్రిందట, సందెవేళ దీపము దగ్గర అన్నము పెట్టుచుండగా పిల్లవాని ఎడమకన్ను పిల్లికన్నువలె తెల్లగా మెరయుట తల్లి చూచినదట. ఇంటిలో చెప్పగా, "మా పుట్టింటివైపు పిల్లికళ్ళవాళ్ళున్నారు లే" అని అత్తగారనినది. తరువాత ఆ కన్ను ప్రక్కకు తిరిగినది. "మెల్లకన్ను అదృష్టం" అని ఇరుగుపొరుగువారనిరి. నేను కనుపాపలో మందు వేసి చూచునప్పటికి కన్ను సగమునకు పైగా తెల్లని గడ్డతో నిండియుండెను.

బయట నలుబదిమంది రోగులు కాచుకొనియుండిరి. నేను నిలుచుండియే ఆ పిల్లతల్లితో, "కన్ను తీసివేయవలెనమ్మా" అని చెప్పితిని. ఆమె ఏడ్చుచు బయటకు పోయెను. కొంతసేపటికి తాతగారు లోపలికి వచ్చి, కండువా చేతబట్టుకొని, ఒక్క ప్రశ్న అడిగిరి.

"కన్ను తీస్తే చూపొస్తుందాండీ?"

"రాదండి" అంటిని.

"రానప్పుడు తీయడమెందుకండీ?"

అంతకంటె సబబైన ప్రశ్న ఇంకొకటి యుండదు. దానికి నాయొద్ద సమాధానమున్నది. దానిని చెప్పుటకు పది నిమిషములు పట్టును. నేను ఆ పది నిమిషములు ఇయ్యలేదు. "ప్రాణం కోసమండి" అని ఒక ముక్క అని, తరువాతి రోగిని పిలిచితిని. ఆడుచు, తినుచు, నవ్వుచునున్న పిల్లవానికి ప్రాణాపాయమని ఒక ముక్కలో చెప్పిన ఎవరు నమ్ముదురు? వారు వెడలిపోయిరి. ఏడు నెలలకు మరల వచ్చిరి. అప్పటికి కన్ను గూటినుండి ముందుకు పొడుచుకొనివచ్చినది. జబ్బు నరము వెంబడి మెదడునకు ప్రాకినది. తాతగారు నన్ను నిందింపలేదు. "అప్పుడే నన్ను కూర్చోబెట్టి చెప్పాల్సిందండీ" అని మాత్రమనిరి. ఆ పిల్లవాడు మరుసటి సంక్రాంతిని చూడలేదు.

ఆ నాడు చెప్పని పది నిమిషముల మాటను ఈ పూట మీకందరికిని చెప్పుచున్నాను.

ఆ జబ్బు పేరు రెటినోబ్లాస్టోమా. తెర ఇంకను ఎదుగుచున్న పసితనముననే అందులోని కణములు అదుపు తప్పి గడ్డగా పెరుగుటచే ఇది కలుగును. అందుచేతనే ఎక్కువమందికి ఇది ఐదేండ్లలోపల బయటపడును. రమారమి పదునైదువేలనుండి ఇరువదివేలమంది శిశువులలో ఒకరికి వచ్చునని లెక్క. మన దేశమున కాన్పులు ఎక్కువ గనుక ఏటేట పదునైదువందలకు పైగా పిల్లలకు ఈ జబ్బు వచ్చుచున్నదని అంచనా. ఒక కంటికి రావచ్చును, రెండు కండ్లకును రావచ్చును. గడ్డ తెల్లగా నుండును. కంటిలోనికి పోయిన వెలుగు దానిమీద తగిలి వెనుకకు వచ్చుటచేతనే కనుపాపలో తెల్లని మెరుపు తోచును.

గడ్డ కంటిలోపల నున్నంతవఱకు అది పెట్టెలో నున్న పామువంటిది. పెట్టెకు వెనుకవైపున ఒక్క ద్వారమున్నది. అదే కంటినుండి మెదడునకు పోవు నరము. పాము ఆ ద్వారమును చేరకముందే పెట్టెతోకూడ తీసివేసినచో ఇల్లు దక్కును. చూపు రానప్పుడు కన్ను తీయుట యెందుకని తాతగారడిగిన ప్రశ్నకు సమాధానము ఇదే. ఆ కన్ను మాకు పనికివచ్చుననికాదు, ఆ పిల్లవాడు దక్కవలెనని తీయుదుము. స్కాట్లండు దేశపు వైద్యుడు జేమ్స్ వార్‌డ్రాప్ 1809 లోనే, మత్తుమందు ఇంకను లేని కాలమున, ఈ జబ్బుకు తొందరగా కన్ను తీయుటయే ప్రాణరక్షణ అని వ్రాసెను. జబ్బు కంటిలోనే యుండగా వచ్చిన పిల్లలలో సంపన్నదేశములందు నూటికి తొంబదియైదుగురికి పైగా నేడు బ్రతుకుచున్నారు. మన దేశమునను తొందరగా వచ్చినవారు అట్లే బ్రతుకుదురు. ఆలస్యముగా వచ్చినవారినే పోగొట్టుకొనుచున్నాము.

అన్ని కండ్లను తీయవలసినదే అని అనుకొనరాదు. పెందలకడ వచ్చినచో కన్నును, చూపును సయితము నిలుపు ఉపాయములు గత ముప్పది యేండ్లలో పెరిగినవి. రక్తములోనికి మందులెక్కించి గడ్డను కుదించి, మిగిలినదానిని లేజరు వెలుగుతో కాల్చుటయో, అతిశీతలముతో గడ్డకట్టించుటయో చేయుదుము. తొడ దగ్గర ధమనినుండి సన్నని గొట్టమును పంపి, కంటికి రక్తము తెచ్చు నాళములోనే మందు విడుచు పద్ధతియు వచ్చినది. చిన్న గడ్డలకు కంటి గోడకు వెలుపల ఒక లోహపు బిళ్ళను కొన్ని దినములు కుట్టియుంచి, దాని కిరణములతో మాడ్చుట మఱియొక పద్ధతి. ఆ బిళ్ళలను ముంబయిలోని భాభా అణుపరిశోధనా కేంద్రమువారు రుథీనియమ్ 106 తో మన దేశముననే తయారుచేసినారు. ఏది ఎవరికి తగునో గడ్డ పెరిగిన కొలదిని బట్టి నిర్ణయము. ఒక్క హెచ్చరిక మాత్రము చేసెదను: ఇతర గడ్డలకు సూదితో ముక్క తీసి పరీక్షించినట్లు దీనికి చేయరాదు. సూది చేసిన రంధ్రముగుండ జబ్బు వెలుపలికి పాకును. తెలిసినవారు చూచియు, స్కానింగు తీసియు నిశ్చయింతురు.

కన్ను తీయవలసివచ్చినను పిల్లవాని ముఖము బోసిపోదు. మత్తులో ఒక గంట పాటు జరుగు ఆపరేషను అది. కంటి గూటిలో ఒక చిన్న బంతిని అమర్చి పైపొరలను కుట్టుదురు. ఆఱు వారములు గడచిన తరువాత, రెండవ కంటి రంగునకు సరిపోవునట్లు చేసిన కృత్రిమ నేత్రమును పెట్టుదురు. దానిని పూర్వము గాజుతో చేసెడివారు. ఇప్పుడు పగులని ప్లాస్టికుతో చేయుచున్నారు. మంచి కన్ను ఒక్కటి చాలును. చదువునకు, ఉద్యోగమునకు, సంసారమునకు చాల భాగము కొఱత యుండదు.

ఈ వైద్యము మనకు దూరదేశమున నున్నదని భయపడనక్కరలేదు. ఏలూరు చెంతనున్న సోమవరప్పాడులో పుట్టి, మనకు మిస్సమ్మ వంటి చిత్రములు తీసి యిచ్చిన ఎల్. వి. ప్రసాదుగారు స్థలమును, ధనమును ఇయ్యగా, అమెరికానుండి తిరిగివచ్చిన డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు 1987 లో హైదరాబాదున ఎల్. వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థను స్థాపించిరి. పేదలకు ఉచితముగా చేయుట దానికి మొదటినుండియు నియమము. అక్కడ కంటి రాచపుండునకు వేఱుగా ఒక శాఖ ఏర్పడినది. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరపు విల్స్ నేత్రాలయమున, ఈ విద్యకు పేరెన్నికగన్న షీల్డ్స్ దంపతులయొద్ద అభ్యసించి వచ్చిన డాక్టరు సంతోష్ హోనావర్‌గారు ఆ శాఖలో పనిచేసిరి. ఈ పిల్లల జబ్బుమీద వారు చేసిన కృషికి 2009 లో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారము లభించినది. అనంతరము డాక్టరు స్వాతి కలికిగారు ఆ శాఖకు నాయకత్వము వహించిరి. ఆ సంస్థ 2006 లో విశాఖపట్టణమునను, 2011 లో విజయవాడ ప్రక్కన తాడిగడపలోను ఆసుపత్రులు తెఱచినది.

మనకు ఇంకను దగ్గఱగా, కాకినాడ ప్రక్కన పెనుగుదురులో శ్రీకిరణ్ నేత్రాలయమున్నది. దాని కథ పెద్దలు వినదగినది. 1985 జూన్ 23 న కనిష్క విమానమును బాంబుతో సముద్రముపైన పేల్చినపుడు, కెనడాలో ఉద్యోగము చేయుచున్న సంకురాత్రి చంద్రశేఖర్‌గారి భార్యయు, కుమారుడు శ్రీకిరణ్, కుమార్తె శారద ఒక్కసారిగా పోయిరి. ఆయన ఉద్యోగము విడిచి మన సీమకు వచ్చి, కూతురి పేర బడిని, 1993 లో కొడుకు పేర కంటి ఆసుపత్రిని నెలకొల్పిరి. ఆయన వైద్యుడు కారు. బిడ్డను పోగొట్టుకొన్న తండ్రి. ఇతరుల బిడ్డలకు చూపు నిలుపుటకు ఆయన సముద్రములు దాటి వచ్చినపుడు, మన ఇంటి బిడ్డ కొఱకు మనము గోదావరి దాటి పోలేమా?

ఇక మన ఇండ్లలో వచ్చు మాటలను గూర్చి. పిల్లవానికి ఇట్టి జబ్బు రాగానే "ఎవరి పాపమో" అందురు. కొందఱు తల్లిని దూషింతురు. కొందఱు మేనరికమందురు. ఇందులో ఏదియు నిజము కాదు. మన శరీరపు దాదాపు ప్రతి కణములోను ఇరువదిమూడు జతల క్రోమోజోములున్నవి. వానిలో పదుమూడవ జతమీద, పెరుగుదలను అదుపులో నుంచు జన్యువు ఒకటున్నది. రెండు ఎడ్లకు కట్టిన రెండు పగ్గములవలె దానికి రెండు ప్రతులున్నవి. రెండును తెగినప్పుడే బండి అదుపు తప్పును. అమెరికా వైద్యుడు ఆల్‌ఫ్రెడ్ నడ్‌సన్ 1971 లో ఈ సంగతిని ఊహించి చెప్పగా, 1986 లో ఆ జన్యువే దొఱకినది. చాలమంది పిల్లలలో వంశమున పూర్వమెవరికిని లేకుండగనే ఇది వచ్చును. తల్లి తినినదానివలన, గ్రహణము చూచినందువలన రాదు. కొందఱిలో మాత్రము ఒక పగ్గము పుట్టుకతోనే తెగియుండును. అట్టివారి సంతానములో ఒక్కొక్కరికి ఆ లోపము సంక్రమించుటకు సగము అవకాశమున్నది. కావున ఒక బిడ్డకు ఈ జబ్బు వచ్చినచో, వాని తోబుట్టువులకును తెరను పరీక్ష చేయింపవలెను.

గుర్తులను సంగ్రహముగా చెప్పెదను. కనుపాపలో తెల్లని మెరుపు మొదటి గుర్తు. పట్టపగలు కనబడక, మసకవెలుతురులోనో, సెల్‌ఫోను మెరుపుతో తీసిన ఫోటోలోనో అది బయటపడును. ఫోటోలో ఒక కనుపాప ఎఱ్ఱగా, రెండవది తెల్లగా పడినచో జాగ్రత్తపడవలెను. మెల్లకన్ను రెండవ గుర్తు. తగ్గని ఎఱుపు, కన్ను పెద్దదగుట, ముందుకు పొడుచుకొనివచ్చుట ఆలస్యపు గుర్తులు. తెల్లని మెరుపు గలదంతయు రాచపుండు కాదు. పుట్టుకతో వచ్చిన శుక్లము కావచ్చును, తెర ఊడుట కావచ్చును. ఒక్కొక్కప్పుడు ఫోటో కోణమువలన ఏ జబ్బును లేకయే తెల్లగా పడవచ్చును. ఏది యేదో మందు వేసి చూచు వైద్యుడే చెప్పవలెను. అంతవఱకు ఆకుపసరులు, చనుబాలు, తేనె కంటిలో పోయరాదు. పోసి చూతమను ఆ నెల రోజులే మాకు కొఱత పడుచున్నవి.

ఇప్పుడు పెద్దల పనిని గూర్చి చెప్పి విరమించెదను. పదేండ్లక్రిందట కొత్తపేట వైపునుండి ఒక ముసలాయన, తన రెండేండ్ల మనుమరాలిని తీసికొని నాయొద్దకు వచ్చెను. ఈసారి నేను కుర్చీ వేసి కూర్చుండబెట్టి, పామును, పెట్టెను అన్నియు చెప్పితిని. ఆయన చాలసేపు మాటాడలేదు. తరువాత, "ఆడపిల్లండీ, రేపు దీనికి పెళ్ళెలాగండీ?" అనెను. "పెళ్ళి నాటికి పిల్ల ఉండాలి కదండీ" అంటిని. ఆయన లేచి, గుమ్మము దగ్గఱ నిలుచున్న కోడలితో, "అమ్మా, నువ్వు ముందే చెప్పావు. మేమే వినలేదు. సంతకం నేను పెడతాను" అనెను. ఆ పిల్ల ఇప్పుడు పాఠశాలలో చదువుచున్నది. ఏటేట పరీక్షకు వచ్చినపుడు కృత్రిమ నేత్రము ఏది, సొంత కన్ను ఏది చెప్పుమని నన్నే పరీక్షించును.

మొదటి పిల్లవానికిని ఈ పిల్లకును నడుమ భేదము నా విద్యలో లేదు. అదే కత్తి, అదే చేయి. మొదట సందెదీపమున మెరుపును చూచినది ఇద్దఱి తల్లులును. ఒక ఇంట ఆమె మాట పెద్దల చెవికెక్కుటకు నెలలు పట్టినది. మఱియొక ఇంట ఒక పెద్ద ఆ మాటను తన మాటగా చేసికొనెను. కోడలుపిల్ల వచ్చి "మామయ్యగారూ, పిల్లవాడి కన్ను మెరుస్తోంది" అన్నప్పుడు, మీరు పిల్లికళ్ళ వంశమును లెక్కపెట్టవలదు. ఆ సందెననే పిల్లవానిని ఒడిలో కూర్చుండబెట్టుకొని మీరే చూడుడు. మఱునాడు మొదటి బస్సునకు ముగ్గురును బయలుదేరుడు.